పై డెక్కు ప్రయాణం

వెనకనున్న పెద్ద చెక్కల చక్రం తిరుగుతూ నీళ్ళను తోస్తే నడిచే ఆ పాత స్టీమరులో విహారానికి వచ్చేవాళ్ళెవరికీ ఇంజను మేస్త్రీ మొహం తెలియదు. వాళ్ళంతా పై డెక్కు మీద పేము కుర్చీల్లో కాళ్ళు బారజాపుకుని, టీ తాగుతూ, కొండల్నీ కొంగల్నీ చూసుకుంటూ తీరిగ్గా పోయేవారు. మేస్త్రీ కింద బాయిలరు పక్కన చెమటతో తడిసి ముద్దవుతూ ఉండేవాడు. చేరినప్పుడు నల్లగా ఉన్న మీసం అక్కడే తెల్లబడింది. పైనుంచి స్టీమరు నడిపే సరంగు ఒక రకంగా గంట కొడితే వేగం పెంచాలి, ఇంకో రకంగా కొడితే తగ్గించాలి. అతనికి తెలిసిన నది అంతే.

పెళ్ళయిన కొత్తలోనే భార్య నోరు తెరిచి అడిగింది, ఒక్కసారి ఆ స్టీమరు ఎక్కించమని. ఇదిగో అన్నాడు, అదిగో అన్నాడు. పిల్లలు పుట్టారు, పెద్దవాళ్ళయ్యారు, ఎవరి సంసారాలు వాళ్ళకు ఏర్పడ్డాయి. ఆవిడ అడగడం మానేసింది. కోరిక తీరిపోయింది కాబోలు అనుకున్నాడు ఆ మహానుభావుడు. మగవాళ్ళకు ఇలాంటివి భలే తొందరగా సర్దుకుపోతాయి.

అతను రిటైరయ్యే ఏడాది ఆవిడ కళ్ళు మొరాయించాయి. చూపు పక్కలనుంచి మూసుకుంటూ వచ్చి, చివరికి చేతి గాజులోంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంతే మిగిలింది. ఎదురుగా ఉన్నది చక్కగా కనిపిస్తుంది. జానెడు పక్కన ఉన్నది లేనట్టే. కంటి డాక్టరు దాచకుండా చెప్పేశాడు, ఈ మిగిలిన కాస్తా వానాకాలం దాటదని, ఏమైనా చూపించాలనుకుంటే ఇప్పుడే చూపించమని.

స్టీమరు వాళ్ళకొక ఆనవాయితీ ఉంది. ఇంజను మనిషి పని దిగిపోయేటప్పుడు ఆఖరి ప్రయాణం ఇంటావిడతో కలిసి పై డెక్కు గదిలో, ప్రయాణికుడిలా దర్జాగా చేయాలి. ఇంజను గది గడప మాత్రం తొక్కకూడదు. అది అప్పటికే కొత్తవాడిది. కింది వాళ్ళు దాన్ని కొత్తల్లుడి ప్రయాణం అని వేళాకోళం చేసేవారు.

"నీ పక్కనుంచి కదలను. ఎటు చూడాలో నేను చెప్తా, నువ్వు అటు తల తిప్పితే చాలు" అని మేస్త్రీ భార్యకు మాటిచ్చాడు. ఆవిడ సంతోషం పట్టలేక ఇంట్లోనే సాధన మొదలుపెట్టింది. తలుపు గొళ్ళెం, గోడ గడియారం, దండెం మీద ఆరేసిన తువ్వాలు, ఏది చెబితే దాన్ని వెతికి పట్టుకుని చిన్నపిల్లలా నవ్వేది.

మొదటి రోజంతా అతను మాట తప్పలేదు. కుడివైపు కాస్త కిందికి, వల విసురుతున్నాడు చూడు అనేవాడు. ఎడమవైపు, ఒడ్డున బట్టలుతుకుతున్నారు అనేవాడు. ఆవిడ తల తిప్పి చూసి, దొరికిందన్నట్టు అతని మోచెయ్యి నొక్కేది. ఈ వయసులో ఈ గుసగుసలేమిటని పక్క కుర్చీల వాళ్ళు ముసిముసిగా నవ్వారు. నవ్వుకోనీండి, వాళ్ళ సొమ్మేం పోయింది అంది ఆవిడ.

రెండో రోజు మధ్యాహ్నం లోయ వస్తుంది. ఆ ప్రయాణానికి ప్రాణం అదే. కొండలు రెండు పక్కలనుంచీ దగ్గరకొచ్చి, వాటి మీదనుంచి జలపాతాలు నదిలోకి దూకుతాయట. "అట" అని ఎందుకంటున్నానంటే, మేస్త్రీ కూడా దాన్ని ఎప్పుడూ చూడలేదు. భోజనాలు ముగించి కుర్చీల్లో కూర్చున్నారో లేదో, అతని చెవికి ఇంజను చప్పుడులో ఏదో తేడా తగిలింది. ఇక కాలు నిలవలేదు.

"ఒక్క నిమిషంలో వచ్చేస్తా" అన్నాడు.

"లోయ వచ్చేస్తుందేమోనండీ" అంది ఆవిడ.

దానికింకా చాలా టైముందని చెప్పి కిందికి దిగాడు. ఆనవాయితీని మెట్ల మీదే వదిలేశాడు.

కింద కొంపలేమీ మునగలేదు. ఒక బేరింగు వేడెక్కింది. కొత్త మేస్త్రీ అప్పటికే కనిపెట్టి నూనె పోస్తున్నాడు. తను చూసుకుంటానని, అమ్మగారి దగ్గరికి వెళ్ళమని నెమ్మదిగా చెప్పాడు కూడా. అక్కడే వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు. కాలిన నూనె వాసన ముక్కుకు తగిలేసరికి పుట్టింటికి వచ్చినట్టయింది. బాయిలరు దగ్గరి వాళ్ళు పలకరించారు. అతను గుడ్డపీలిక అందుకుని, తన చెయ్యి పడితేగానీ ఇంజను దారికి రాదన్నట్టు బేరింగు తడిమాడు. ఆ మాటా ఈ మాటా పడింది. సరంగు వేగం తగ్గించమని గంట కొట్టాడు, చాలాసేపటికి మళ్ళీ పెంచమని కొట్టాడు. లోయ మొదట్లో తగ్గిస్తారని, దాటాక పెంచుతారని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆ రెండో గంట విన్నాకగానీ పైన భార్య ఉన్న సంగతి అతనికి గుర్తురాలేదు.

పరుగున పైకి వచ్చేసరికి జనం జలపాతాల గురించే చెప్పుకుంటున్నారు. కుర్చీలన్నీ కొండల వైపు తిరిగి ఉన్నాయి. ఆవిడ కుర్చీ ఒక్కటే వెనక్కి, చక్రం వైపు తిరిగి ఉంది. తుంపరలకు ఆవిడ ఒళ్ళంతా తడిసింది.

"ఏం చూశావు?" అడిగాడు.

"చక్రం చూశానండీ. అందరూ అదిగో అదిగో అంటున్నారు, ఎటో తెలియలేదు. తల ఎంత తిప్పినా డెక్కు అంచు కమ్మీలే కనిపించాయి. చక్రం చప్పుడు మాత్రం ఎటుందో తెలుస్తోందిగా. మీరు అక్కడుంటారని ఇటు తిరిగి కూర్చున్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాలుగు తిట్టినా బతికిపోయేవాడు. లోయను చూడలేకపోయిందన్న దిగులుకంటే, తను లేకపోయినా తన వైపే తిరిగి కూర్చుందన్నది అతన్ని ఎక్కువ కోసేసింది. తల ఎత్తలేకపోయాడు.

పై డెక్కు గది పోవడానికే ఇచ్చారు, తిరుగు ప్రయాణం బస్సులో. మళ్ళీ ఎక్కిద్దామని ఇంటికి రాగానే రేవుకు పరుగెత్తాడు. నది పొంగుతోందని స్టీమరును ఒడ్డుకు కట్టేశారు. వానలు ఇంకా వెనకబట్టకముందే ఆవిడ చూపు పూర్తిగా పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళకు ఆవిడ ఆ ప్రయాణం గురించే చెప్పేది, చక్రం ఎంత పెద్దదో, చెక్కలనుంచి నీళ్ళు ఎలా జారతాయో. వినలేక మేస్త్రీ పెరట్లోకి లేచిపోయేవాడు. ఒకరోజు ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు ఆవిడ అడిగింది.

"ఇన్నేళ్ళూ దాని మధ్యనుంచే వెళ్ళారుగా. ఆ లోయ ఎలా ఉంటుందో చెప్పండి."

అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు.

"అక్కడికొచ్చేసరికి ఇంజను చప్పుడు రెండు పక్కలనుంచీ తిరిగొస్తుంది" అన్నాడు.

"ఊఁ" అంది ఆవిడ.

అతనికి తెలిసింది అంతే. కన్నీళ్ళు బొటబొటా కారిపోతున్నాయి, ఆవిడకు వినపడకుండా కండువాతో తుడుచుకున్నాడు. ఆవిడ మాత్రం మిగతాది వినడానికి కాళ్ళు ముడుచుకుని సర్దుకు కూర్చుంది.