రాజుగారి నాలుగో వంతు

కోతలు కోయడంలో హామిల్టన్ మొత్తంలో నన్ను మించినవాడు లేడు. అలాంటి నన్ను టౌరంగా ఊరెళ్లే బస్సులో పక్కసీటు ముసలావిడ ఓడించింది. నార్వేలో వాళ్ల పూర్వీకుల ఊరి పొలంలో ఒకప్పటి రాజుగారి తల ఉందట!

"ఆయన ఉన్నన్నాళ్లూ పంటలు బాగా పండాయి. పోయాక శవం మాకంటే మాకని నాలుగు సీమలవాళ్లు కొట్లాడి, నాలుగు ముక్కలు చేసి పాతిపెట్టుకున్నారు."

"పాపం కాదూ?" అన్నాను. ఏం చేయాలో తోచక నెలరోజులుగా నా సంచిలో తిప్పుతున్నది నాన్న అస్థికల్లో నా వాటా. "నాన్నని కూడా పంచుకుంటావురా?" అని అన్నయ్య అన్న మాట ఇంకా గుచ్చుతోంది. అదంతా ఆవిడకి చెప్పేశాను.

ఆవిడ నా సంచిని మెల్లగా నిమిరి, "అక్కర్లేనివాణ్ణి ఎవరూ పంచుకోరు నాయనా" అంది.

నాన్నని మా పెరటి నిమ్మచెట్టు మొదట్లో మట్టిలో కలిపాను. ఆ ఏడాది కొమ్మలు విరిగేంత కాపు. మొదటి కాయ ఆవిడకివ్వాల్సింది, పేరైనా అడగలేదు. నమ్మనివాళ్లు సంచి తెచ్చుకోండి, వాటా ఇస్తాను.