ఎవరూ చెయ్యి పెట్టని దళారి

1999 జనవరిలో నన్ను ప్రకాశం జిల్లాలో ఒక మార్కెట్ యార్డుకి సూపర్‌వైజరుగా వేశారు. ఊరి పేరు రాయను, రాస్తే ఇప్పటికీ తగువుకొచ్చేవాళ్ళున్నారు. సూపర్‌వైజరంటే కార్యదర్శికి కింద, గుమాస్తాలకి పైన. తూకాలు, వేలం, లైసెన్సులు నా పని.

అక్కడ మిర్చి బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాళ్ళ తరఫు దళారి, రైతు సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు ఎదురెదురుగా నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, ఒకరి వేళ్ళు ఒకరు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. పక్కనే ఉన్న రైతుకి కూడా తెలిసేది కాదు. రూలు ప్రకారం బహిరంగ వేలం జరగాలి. నా ముందువాళ్ళెవరూ ఆ జోలికి పోలేదు, నేనూ పోలేదు.

దళారుల్లో కోటేశ్వరరావు దిట్ట. కాయ విరిచి వాసన చూసి ఏ ఊరి చేలోదో చెప్పేవాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎనిమిదేళ్ళుగా అతనూ లారీ డ్రైవరు మస్తానూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకరోజు టీ బంకు దగ్గర ఓ కమీషన్ ఏజెంటు, "ఏరా కోటేశూ, పెళ్ళెప్పుడురా? పళ్ళూడాకా?" అని వేళాకోళమాడాడు.

"నాకు మస్తానున్నాడుగా, ఇంక పెళ్ళెందుకు?" అన్నాడితను. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. దాంతో వాళ్ళ నవ్వూ ఆగిపోయింది.

మర్నాటినుంచి అతను తువ్వాలు చాపితే ఎదుటివాడు చెయ్యి పెట్టలేదు. "వాడి చెయ్యి పట్టుకోవాలంటే ఒళ్ళు జలదరిస్తోందండీ" అని నాతో అన్నది ఎవరనుకున్నారు? అదే ఊళ్ళో రెండు కాపురాలు నడిపే పెద్దమనిషి. పొద్దస్తమానం మగవాడి వేళ్ళు మగవాడు పిసుకుతూ బతికే యార్డులో ఈ మడి ఒకటి! ఆ మాట ఆ పెద్దమనిషి మొహానే అనాల్సింది. నవ్వి ఊరుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మూడు వారాలు చూసి కోటేశ్వరరావు ఆఫీసుకొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "నా మీద జాలి పడొద్దు సార్. రూల్లో ఉన్న వేలం పెట్టించండి, నోటితో పాడతాను. అప్పుడు నన్నెవరూ ముట్టుకోనక్కర్లేదు గదండీ" అన్నాడు.

అడిగింది న్యాయం. నా చేతిలో ఉన్న పని. ఏజెంట్లు కాటాలు ఆపేస్తారని, కార్యదర్శి నా మీద విరుచుకుపడతాడని భయపడ్డాను. చూద్దాంలే అన్నాను. మా శాఖలో 'చూద్దాం' అంటే చేస్తానని అర్థం కాదు, చెయ్యనని. అతనికీ తెలుసు.

సీజన్ ముగిశాక లైసెన్సులు తిరగరాయాలి. లావాదేవీలు చెయ్యని దళారికి మళ్ళీ ఇవ్వకూడదని నిబంధన. అతని ఫైలు మీద "ఫిబ్రవరి తర్వాత లావాదేవీలు లేవు" అని రాసి సంతకం పెట్టాను. ఎందుకు లేవో రాయడానికి ఫారంలో గడి లేదు, నేను పక్కనా రాయలేదు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ ఇందులో నా పిడికెడు పెద్దది. ఆ వేసవిలో కోటేశ్వరరావూ మస్తానూ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో నేను కనుక్కోలేదు.

రెండేళ్ళకి రైతుల ఫిర్యాదుల మీద పైనుంచి సర్క్యులరొచ్చింది, బహిరంగ వేలం తప్పనిసరి అని. వెళ్ళి తువ్వాళ్ళు తీయమన్నాను. కాసేపు గొణిగారు. ఆ పూటే పాట మొదలైంది, ఒక్క కాటా ఆగలేదు. నా సర్వీసు మొత్తంలో వచ్చిన ఒకే ఒక్క ప్రశంసాపత్రం దానికే.

నేర్చుకున్నది చెప్తాను. నలుగురూ ఒక మనిషిని వెలేసినప్పుడు అధికారి అతన్ని మెచ్చుకోనక్కర్లేదు, అర్థం చేసుకోనూ అక్కర్లేదు. చేతిలో ఉన్న రూలు ఆ రోజే అమలు చెయ్యాలి. రెండేళ్ళాగి చేస్తే ప్రశంసాపత్రం వస్తుంది, మనిషి ఉండడు.