వడ్ల మధ్య బాస్కెట్‌బాల్

మా హైస్కూలు భట్టిప్రోలు దాటాక రేపల్లె వెళ్ళే రోడ్డు పక్కన ఉంది. అక్కడ నేను తెలుగు చెబుతాను. నా పేరు దుర్గాంబ. కోపం నా ముక్కు మీదే ఉంటుందని పిల్లలు చెప్పుకుంటారు, అది అబద్ధమూ కాదు. ఆ కోపంలో సగం కొన్నాళ్ళపాటు మా ఆటల టీచరు వీణకే ఖర్చయింది. నేను తొమ్మిదో తరగతికి సంధులు చెబుతుంటే కిటికీ అవతల ఆవిడ ఎనిమిదో తరగతి చేత "స్టాచ్యూ!" అని అరిపిస్తూ ఉండేది. సవర్ణదీర్ఘం సరిగ్గా నోటికొచ్చే వేళకి తలలన్నీ కిటికీ వైపు తిరిగితే ఏ పంతులమ్మకి ఒళ్ళు మండదు?

వీణది వేటపాలెం, నేతపని చేసే ఇల్లు. తెనాలి కోడలు. భర్త కృష్ణకాంత్ తెనాలిలో బట్టల కొట్టు చూసుకుంటాడు. ఆవిడ రోజూ రేపల్లె పాసింజరెక్కి భట్టిప్రోలులో దిగి, ఆటోలో బడికి వస్తుంది. మనిషి సన్నంగా పొడుగ్గా ఉంటుంది, స్టాఫ్ రూములో మాట పెగలదు. గ్రౌండులోకి వెళ్ళిందంటే మాత్రం ఆ గొంతు రోడ్డు మీద పోయేవాళ్ళకీ వినిపిస్తుంది.

కాలేజీలో బాస్కెట్‌బాల్ బాగా ఆడిందట. వాళ్ళ కోచ్ అందర్నీ వరసలో నిలబెట్టి ఒకటే పని పొద్దస్తమానం చేయించేవాడట. "ఆట వచ్చింది మేడం, ఆడాలన్న సరదా పోయింది. నాతో మొదలెట్టినోళ్ళు సగంమంది మానేశారు" అని ఒకసారి నాతో అంది. అందుకని ఈవిడ పిల్లల్ని వరసలో నిలబెట్టదు. అంతా ఆటలోనే నేర్పుతుంది. బంతి కొట్టుకుంటూ పరిగెత్తుతుంటే ఎవరో ఒకరు "స్టాచ్యూ" అంటారు, రెండు కాళ్ళ మీదా ఒకేసారి ఆగిపోవాలి, ఒక్క అడుగు ఎక్కువ పడినా అవుటే. దొంగా పోలీసాటలో దొంగలందరి చేతుల్లోనూ బంతులుంటాయి, పోలీసు వాటిని తన్నేయకుండా, లాక్కోకుండా, చేత్తో కొట్టి తప్పించాలి. ఇదంతా బాస్కెట్‌బాలేనని ఆవిడ అంటుంది. పిల్లలు మాత్రం ఆడుకుంటున్నామనే అనుకుంటారు.

ఆవిడ చూపు ఎప్పుడూ పిల్లల కాళ్ళ మీదే ఉంటుంది. ఎందుకమ్మా అని అడిగితే నవ్వింది. "చిన్నప్పుడు మగ్గం గుంట పక్కన కూచుని మా అమ్మ కాళ్ళు చూసేదాన్ని మేడం. చేతులు అందరూ చూస్తారు. కాలు తప్పితేనే బట్ట చెడేది" అంది.

మా హెడ్మాస్టరు వెంకట్రామయ్యగారు చెడ్డవాడు కాదు. పదో తరగతి ఫలితాలు తలుచుకుంటే ఆయనకి అన్నం సయించదు, అంతే. ఎనిమిదో తరగతిని ఇప్పట్నుంచే తోమితే తప్ప పదిలో గట్టెక్కరని ఆయన నమ్మకం. అందుకే వాళ్ళ ఆటల పీరియడ్ మీద ఆయన కన్ను పడింది. నా కన్ను ఎప్పట్నుంచో అక్కడే ఉంది, వాళ్ళకీ తెలుగు నేనే, సిలబస్ సగంలో ఉంది మరి. చివరికి ఆయన వీణని పిలిచి ఒక మాట చెప్పేశాడు.

"బాపట్లలో జిల్లా జట్టు ఎంపికలున్నాయి కదమ్మా. మనమ్మాయిల్లో ఒక్కరైనా ఎంపికైతే పీరియడ్ నీదే. లేదంటే దుర్గాంబగారికి ఇచ్చేస్తాను. ఏమంటావు?"

"సరేనండి" అంది వీణ. స్టాఫ్ రూములోకొచ్చి కుర్చీలో కూలబడింది. ఆ పీరియడ్ పోతే ఆవిడకి ఉద్యోగం పోదు. హాజరు పట్టీలు రాస్తూ, అసెంబ్లీలో విజిల్ ఊదుతూ జీతం తీసుకోవచ్చు. అలా బతకడం ఆవిడ వల్ల కాదని ఆ మొహం చూస్తే తెలిసిపోయింది.

ఎంపికలు దగ్గర పడుతున్న రోజుల్లోనే కోతలొచ్చాయి. మధ్యలో ముసురు పట్టి వడ్లు తడిశాయి. తేమ ఉంటే కొనుగోలు కేంద్రం వాళ్ళు బస్తాలు వెనక్కి పంపేస్తారు, కాబట్టి ఎండ కాయగానే ఊరు ఊరంతా చదునైన నేల కోసం పరుగెత్తింది. రోడ్డు మార్జిన్లు నిండాయి, పంచాయితీ అరుగు నిండింది. ఒక సోమవారం మేం బడికొచ్చేసరికి మా బాస్కెట్‌బాల్ కోర్టు కూడా నిండిపోయి ఉంది. సిమెంటు నేల మీద ఇటు రింగు కింద నుంచి అటు రింగు కింద దాకా పచ్చగా వడ్లు. చుట్టూ మనిషి నడిచేంత అంచు మాత్రం మిగిలింది. మధ్యలో రాఘవమ్మ నిలబడి కాళ్ళతో చాళ్ళు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. ఆవిడకి పక్కనే నాలుగెకరాల చేను. వయసు మీద పడింది, మోకాళ్ళ నొప్పి, నోరు మాత్రం ఇంకా కుర్రదే.

"పెద్దమ్మా, పిల్లలకి బాపట్లలో పోటీలున్నాయి" అంది వీణ.

"ఉంటే? నా వడ్లు మొలకెత్తాలా ఏంటి అమ్మాయ్? పోటీలు వచ్చే ఏడూ వస్తయ్యి. ఈ పంట మళ్ళీ వస్తదా?"

ఇక పీరియడ్ నాదేనని లోపల్లోపల లెక్క వేసుకుంటూ నేను క్లాసుకి వెళ్ళిపోయాను. కాసేపటికి కిటికీలోంచి చూస్తే వీణ గొడుగు ముడిచి పక్కన పెట్టి, రాఘవమ్మ కాళ్ళనే చూస్తూ నిలబడి ఉంది. రాఘవమ్మ మోకాళ్ళు కాస్త వంచి, పాదాలు ఎత్తకుండా వడ్లలో ఈడుస్తూ పోతోంది. వెనక రెండు చాళ్ళు ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయి.

"పెద్దమ్మా, ఇది మా పిల్లలు చేస్తారు. నువ్వు కూచో" అంది వీణ.

"తొక్కి చిమ్ముతారు."

"చిమ్మితే నన్ను అడుగు."

ఆ రోజు నుంచే కొత్త ఆట మొదలైంది. పిల్లలే దానికి చాళ్ళాట అని పేరు పెట్టారు. ఒకమ్మాయి అంచు మీద బంతి కొట్టుకుంటూ అటూ ఇటూ పోతుంది. ఇంకొకమ్మాయి వడ్లలో మోకాళ్ళు వంచి, చేతులు చాపి, ఆమెకి ఎదురుగా పక్కపక్కకి జరగాలి. బంతి ఉన్నవాళ్ళని కాయడమంటే ఇదేనట. ఇందులో పెద్ద తప్పు కాలు మీద కాలు వేయడం. సిమెంటు మీదైతే ఆ తప్పు టీచరు కంటికి చిక్కితేనే తెలుస్తుంది. వడ్లలో దాచడం ఎవరి తరమూ కాదు, కాళ్ళు ముడిపడ్డ చోట చాళ్ళు చెడిపోయి కనిపిస్తాయి. "చెడింది! చెడింది!" అని పిల్లలు కేకలు. వాళ్ళతో పాటు అంచున కూచున్న రాఘవమ్మ కూడా కేకలు. ఆవిడ మోకాళ్ళకి విశ్రాంతి దొరికింది, వడ్లు రోజూ తిరగబడ్డాయి, పిల్లలకి కాళ్ళు దురద పెడితే బోరింగు దగ్గర కడిగించి తేగలు కాల్చి పెట్టింది. శాలేమురాజు అనే కూలీ కూతురు ప్రియాంక అందరికన్నా బాగా ఆడేది. ఆ పిల్ల వెళ్ళిన చోట చాళ్ళు తాడు పట్టి గీసినట్టు ఉండేవి. నాకు ఆట తెలియకపోయినా, అది చూడటానికి ముచ్చటేసి రెండుసార్లు క్లాసు మధ్యలో ఆగిపోయాను.

బాపట్లకి అయిదుగురు ఆడపిల్లల్ని తీసుకెళ్ళాలి, తోడుగా ఇంకో టీచరు ఉండాలన్నారు. ఎవరూ ముందుకు రాకపోతే నేనే బయల్దేరాను. రేపల్లెలో బస్సెక్కి, పులిహోర పొట్లాలతో ఎండెక్కకముందే చేరాం. పట్నం పిల్లలు కొత్త బూట్లతో మెరిసిపోతున్నారు. మావాళ్ళు బడి బూట్లలో ఉన్నారు. వీణ మొహంలో మాత్రం బెదురు లేదు.

బెదురు ఎంపికలు మొదలయ్యాక వచ్చింది. పిల్లల్ని జంటలుగా నిలబెట్టి, ఒకరు బంతితో వెళ్తుంటే ఒకరు కాయమన్నారు. మావాళ్ళు మోకాళ్ళు చక్కగా వంచారు, కాలు మీద కాలు వేయలేదు. కానీ బూట్లు నేలకి రాసుకుంటూ సర్రుమని ఒకటే చప్పుడు. అవతలి పిల్ల మలుపు తిరిగేసరికి మావాళ్ళు రెండడుగులు వెనకబడిపోతున్నారు. ఎంపిక చేసే పెద్దాయన విసుక్కున్నాడు.

"కాళ్ళు ఈడుస్తారేంటమ్మా, చెప్పు తెగినట్టు? అడుగు తేలిగ్గా పడాలి!"

వీణ మొహం పాలిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మేడం, వాళ్ళింకా వడ్లలోనే ఉన్నారు" అంది. "కాళ్ళు ఎత్తొద్దని నేర్పింది నేనే. చాళ్ళు బాగున్నాయని మురిసిపోయాను. బడి ఆవరణలో ఏ మూలనో కొంచెం ఖాళీ నేల మీద ఆడించినా తెలిసేది. తప్పు వాళ్ళది కాదు మేడం."

నాకు ఆవిడ మీద జాలేసింది, కోపమూ వచ్చింది. "ఏడ్చే టైమా ఇది? వాళ్ళకేదో ఒకటి చెప్పు" అని కసిరాను.

భోజనాల వేళ అందరూ పొట్లాలు విప్పుకుంటుంటే వీణ మా పిల్లల్ని చెట్టు నీడలోకి తీసుకెళ్ళింది. కాళ్ళు ఎత్తండి, తేలిగ్గా వేయండి అని ఒక్క మాట కూడా అనలేదు. నేల చూపించింది.

"ఇదంతా నారుమడి. నిన్ననే మొలకలు చల్లారు. గట్టిగా తొక్కితే మొలక చస్తుంది. ఈడిస్తే వరసంతా చస్తుంది. ఇప్పుడు బంతిని కాయండి చూద్దాం."

పొలాల్లో పుట్టి పెరిగిన పిల్లలకి ఇంకేం చెప్పాలి? ముందు కిసుక్కున నవ్వారు. తర్వాత ఒకరి అడుగులు ఒకరు కనిపెట్టుకుంటూ, "చచ్చింది! నీ కింద రెండు చచ్చినయ్యి!" అని అరుచుకుంటూ ఆడారు. పులిహోర పొట్లాలు విప్పనే లేదు. ఆటలు ఇలా కూడా నేర్పుతారా అని నోరు తెరుచుకుని చూస్తూ నేను కూడా తినలేదు.

మధ్యాహ్నం జట్లు కట్టి ఆడించారు. సర్రుమనే చప్పుడు లేదు. ప్రియాంక కాపలా కాస్తున్న పిల్ల బంతిని ఎటూ తీసుకుపోలేక ఏడుపు మొహం పెట్టింది. పెద్దాయన రెండుసార్లు ప్రియాంక పేరడిగాడు. కానీ జాబితాలో ఎక్కువ పేర్లు పొద్దుటే ఎక్కిపోయాయి. సాయంత్రం చదివినప్పుడు జట్టులో మావాళ్ళెవరూ లేరు. చిట్టచివర స్టాండ్‌బైగా ప్రియాంక పేరు వచ్చింది. పిల్లలు ఎగిరి గంతేశారు. స్టాండ్‌బై అంటే ఎవరికైనా దెబ్బ తగిలితేనే పిలుస్తారని వాళ్ళకి తెలియదు. వీణ కూడా వాళ్ళతో చప్పట్లు కొట్టింది. బస్సులో మాత్రం కిటికీ వైపు తిరిగి కూచుంది.

వెంకట్రామయ్యగారు అంతా విన్నాడు. "స్టాండ్‌బై ఎంపిక కింద రాదు కదమ్మా" అన్నాడు, కొంచెం బాధగానే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆయన వీణ పీరియడ్ తీసి నా చేతిలో పెట్టాడు.

కోరుకున్నది దొరికింది కదా, దర్జాగా క్లాసుకి వెళ్ళాను. పద్యం చెప్పాను. పిల్లలు చేతులు కట్టుకుని కూచున్నారు. ఒక్కరూ కిటికీ వైపు చూడలేదు, పక్కవాళ్ళని గిల్లలేదు. నా సర్వీసులో అంత బుద్ధిగా కూచున్న క్లాసుని చూడలేదు. ఆ వారమంతా అలాగే గడిచింది. కోర్టులో వడ్లు ఎత్తేశారు, నేల ఊడ్చేశారు, రింగుల కింద ఎవరూ లేరు. శుక్రవారం నేను స్టాఫ్ రూముకి వచ్చేసరికి వీణ బంతుల్లో గాలి తీస్తోంది. ఒక్కో బంతినీ ఒళ్ళో పెట్టుకుని నొక్కి, మడిచి, బీరువాలో పెడుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"ఊరికే ఉంటే పాడైపోతాయి మేడం" అంది, తలెత్తకుండా.

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దుఃఖమొస్తే నాకు కోపమొస్తుంది. తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాను.

"సార్, ఆ పీరియడ్ నాకిచ్చారు కదండీ. అందులో ఏం చెయ్యాలో నా ఇష్టమేనా?"

"మీ ఇష్టమేనండి. సిలబస్ మాత్రం..."

"సిలబస్ పూర్తి చేసే పూచీ నాది. చెయ్యకపోతే అప్పుడడగండి."

తిరిగొచ్చి వీణ చేతిలోంచి బంతి లాక్కున్నాను. గాలి కొట్టమన్నాను. ఆవిడ కదల్లేదు.

"జాలితో ఇవ్వొద్దు మేడం" అంది.

"జాలా? నాకా? బొమ్మల్లా కూచున్న పిల్లలకి పద్యం చెప్పలేక చస్తున్నాను. గాలి కొట్టు!"

ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతిని కోర్టులోకి తోలుకొచ్చాను. కాగితాల్లో అది తెలుగు పీరియడే, కాబట్టి నేనూ అక్కడ ఉండాలి. ఊరికే నిలబడితే వీణ ఒప్పుకోలేదు. బంతితో నాలుగు స్తంభాలాట పెట్టింది. నాలుగు మూలలా నలుగురు స్తంభాలు బంతి విసురుకుంటూ చోట్లు మారాలి, మధ్యలోవాళ్ళు దాన్ని అందుకోవాలి. నేను ఒక స్తంభాన్ని. చీర కుచ్చిళ్ళు దోపుకుని నిలబడ్డాను. ప్రియాంక విసిరిన బంతి మొదటిసారి నా చేతుల్లోంచి జారి బడి పక్క కాలవ గట్టు దాకా దొర్లిపోయింది. పిల్లలు పడీ పడీ నవ్వారు.

వెంకట్రామయ్యగారు వరండాలోకి వచ్చి కళ్ళజోడు సవరించుకున్నాడు. "దుర్గాంబగారూ, ఇదేం పాఠమండీ?"

"నాకు రాని పాఠమండి! నేర్చుకుంటున్నాను!"

ఆయన అక్కడే వరండా స్తంభానికి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో బంతి మళ్ళీ నా మీదికొచ్చింది. "కాళ్ళు మేడం, కాళ్ళు! ముందు కాళ్ళు కదపండి!" అని వీణ అరిచింది. వారం రోజుల తర్వాత ఆ గొంతు రోడ్డు దాకా వినిపించడం అదే మొదటిసారి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బంతి మళ్ళీ జారిపోయింది.