రోలర్ లాగొద్దని డాక్టర్ చెప్పలేదు

ఆ రోజుల్లో మనిషికి ఒళ్ళంటూ ఒకటుందని గుర్తు రావాలంటే, అందులో ఎక్కడో నొప్పి పుట్టాలి. ముప్పై దాటేదాకా నాకు ఆ గుర్తు రాలేదు. నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, షెడ్డు వెనక బాల్ బ్యాడ్మింటన్ కోర్టులో నేను స్మాష్ కొట్టానంటే ఆ చప్పుడు చిల్కానగర్‌లో వినపడేదని చెప్పుకునేవారు. (చెప్పుకున్నది నేనే. ఉన్ని బంతికి అంత చప్పుడు ఎక్కడిది? అయిదుగురి జట్టులో ఆటకు నేను నాలుగోవాణ్ణి. అయిదో ఆయనకు చూపు సరిగ్గా ఆనేది కాదు.) ఒక్కటి మాత్రం కల్తీ లేని నిజం. సాయంత్రం కాసేపు ఆ కోర్టులో నిలబడితేనే నాకు ఆ రోజు బతికినట్టుండేది.

ఒక ఏడాది వానాకాలం వెళ్ళిపోయాక కుడి మోచేతి బయటి ఎముక దగ్గర సలుపు మొదలైంది. ముందు స్మాష్ కొడితే, తర్వాత పనిలో పానా తిప్పితే, చివరికి చాయ్ గ్లాసు ఎత్తినా ప్రాణం పోయేది. అంగీ గుండీలు మా ఆవిడ పెడుతుంటే గోడ వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. దవాఖానాలో డాక్టరు నొక్కి చూసి "టెన్నిస్ ఎల్బో" అన్నాడు. అంత దిగులులోనూ నా ఛాతీ కాస్త పొంగిందంటే నమ్మండి. మా జట్టు కెప్టెన్ మా ఫోర్‌మనే. అందరం ఆయన్ని మామా అనేవాళ్ళం. ఆయనకు నా జబ్బు పేరు గొప్పగా వినిపించాను.

"టెన్నిస్ గ్రౌండు మొఖమన్న సూసినవారా అల్లుడా? గొప్పోళ్ళ రోగం నీకెట్లొచ్చిందిరా?" అని పగలబడి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "జర రెస్టు తీస్కో. గందాక నీ జాగల మీ బామ్మర్దిని ఆడిపిస్త. నీకు నయమైతే నీ జాగ నీదే" అన్నాడు.

బామ్మర్దంటే మా ఆవిడ తమ్ముడు. వాడికి రాకెట్ పట్టుకోవడం నేర్పింది నేనే. "ఫికర్ జెయ్యకు బావా, నీ జాగ నేను సూస్కుంట" అన్నాడు, ఊరికెళ్ళేవాడి ఇల్లు కాపలా కాస్తానన్నట్టు.

ఆట బంద్, వేడినీళ్ళ కాపడం, నొప్పి తగ్గాక మెల్లగా మణికట్టు కసరత్తు అన్నాడు డాక్టరు. ఉన్నచోట ఊరికే కూర్చోవడం నాకు రాని విద్య. మాది మట్టి కోర్టు. ఆటకు ముందు నీళ్ళు చల్లి, రాతి రోలర్ లాగి, సున్నంతో గీతలు గీయాలి. ఆ రోజు ఆటలో లేనివాడే రోలర్ లాగాలన్నది మా కోర్టు కట్టుబాటు. నన్ను మాత్రం ఎవరూ లాగమనలేదు. ఆ జాలే నన్ను పొడిచింది. డాక్టరు ఆడొద్దన్నాడు గాని రోలర్ లాగొద్దనలేదు కదా అని, వకీలు తెలివి ఉపయోగించి, అందరికంటే ముందే వెళ్ళి లాగడం మొదలుపెట్టాను. కాస్త నెమ్మదించిన చెయ్యి మళ్ళీ మొదటికొచ్చింది.

"ఆడుడు బంద్ జేసి గుండు గుంజుడు షురు జేసినవా? గా చెయ్యి నీదేనా, కంపెనీవోళ్ళదా?" అంది మా ఆవిడ, కాపడం గుడ్డ పిండుతూ. ఆ చలికాలమంతా ఎడమ చేత్తో చెంచా పట్టుకుని అన్నం తిన్నాను. సాయంత్రమైతే కోర్టు వైపు వెళ్ళకుండా ఉప్పల్ దాకా ఊరికే నడిచేవాణ్ణి. ఇక ఎన్నటికీ ఆడలేనేమోనన్న భయం నా పక్కనే నడిచేది.

ఈసారి బుద్ధిగా ఉన్నాను. ఎండలు ముదిరేసరికి నిండు బిందె ఎత్తినా చెయ్యి కిమ్మనలేదు. ఆ సాయంత్రమే రాకెట్ తీసుకుని కోర్టుకు పోయాను. ఘట్‌కేసర్ జట్టుతో పోటీ దగ్గరపడింది. బామ్మర్ది నా జాగాలో ఆడుతున్నాడు. నేనైతే "అవుట్" అని వదిలేసే బంతుల్ని వాడు పాకుతూ పోయి లేపుతున్నాడు. మామ ఆట ఆపి నన్ను రమ్మన్నాడు. నేను లోపలికి వెళ్ళి, వాడి భుజం తట్టి, "నువ్వే ఆడురా, నా జాగ నీకిచ్చిన" అని నవ్వుతూ బయటికొచ్చాను. చెయ్యి బాగైన రోజునే ఆట వదులుకున్న ఆనాటి నన్ను తలుచుకుంటే, ఇప్పుడు పిలిచి ఒక చాయ్ తాగించాలనిపిస్తుంది.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. తోటకూర తుంచుతున్నది తలెత్తలేదు.

"జాగ నువ్విచ్చుడేంది? నిన్నెవ్వడు పిలిసిండు? మీ మామ నీ దిక్కు సూడనన్న సూడలే. రాకెట్ ఒళ్ళె పెట్టుకోని పొద్దుగూకెదాక గోడ మీద కూసున్నవ్. బావ దిక్కు మొఖమెత్తి సూడలేకపోయిన్నని తమ్ముడు ఇంటికొచ్చి నా ముంగట ఏడ్సిండు. గది రాయి."