బాపు పాటా, చదవని డ్రైవూ

ఇది ఒక మహాకావ్యం. ఇందులో ఉద్యమం ఉంది, ఆగిపోయిన రైళ్ళున్నాయి, చీకట్లో మునిగిన ఊళ్ళున్నాయి, తన పరువు నిలబెట్టుకోవడానికి సాయంత్రమంతా పోరాడిన ఒక వీరుడున్నాడు. కాస్త ఊపిరి బిగబట్టి చదవండి.

సరే, ఊపిరి వదిలేయండి. ఇది జనగామలో మా ఇంటి ముందుగదిలో ఒక డీవీడీ డ్రైవు పని చేయకపోవడం గురించి. వీరుడు మా బాపు, అంటే నాన్న. పోరాడింది ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని.

అవి తెలంగాణ కోసం ఊరూరా సమ్మె నడుస్తున్న రోజులు. బాపు పనిచేసే బడి బందు, నేను చదివే ఇంజనీరింగ్ కాలేజీ బందు, బస్సులు బందు. భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికులు కూడా సమ్మెలో ఉన్నారు కాబట్టి కరెంటు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చి పోయేది. ఆ కార్మికుల్లో అమ్మ తమ్ముడు, అంటే మా మామ కూడా ఒకడు. ఫ్యాను ఆగిపోగానే బాపు తిట్టడానికి నోరు తెరిచేవాడు. అంతలో ఆగింది ఎవరి వల్లో, ఎందుకోసమో గుర్తొచ్చి, "పోనీ, మంచిదే" అని విసనకర్ర అందుకునేవాడు. ఉద్యమంలో బాపు చేసిన అతి పెద్ద త్యాగం ఆ నోరు మూసుకోవడమేనని నా అభిప్రాయం.

కాదు, ఇంకొకటుంది. రైలు రోకో చేయడానికి ఆయన డోర్నకల్ వెళ్ళాడు. రైల్లో వెళ్ళాడు. ఆ సాయంత్రం ఇంటికి ఎందుకు రాలేకపోయాడో ఆయనకు పట్టాల మీద కూర్చున్న తర్వాతే అర్థమైంది. మర్నాడు ఎవరిదో మోటారుసైకిల్ వెనక కూర్చుని, కనుబొమల దాకా దుమ్ముతో వచ్చాడు. దిగగానే మంచినీళ్ళు కూడా అడగలేదు. "నేను పాట పాడిన" అన్నాడు.

అక్కడ ఎవరో మైకు చేతిలో పెడితే అప్పటికప్పుడు కట్టి పాడాడట. బడిలో సోషల్ చెప్పే మనిషి, ప్రార్థన పాటలో కూడా పెదాలు మాత్రమే కదిపే మనిషి, జంక్షన్ అంతా ఊగిపోయేట్టు పాడాడట. మొదటిసారి చెప్పినప్పుడు ఆ పాటలో రైలు మాత్రమే ఉంది. వారం తిరిగేసరికి అందులోకి గోదావరి వచ్చింది, తర్వాత చెరువులొచ్చాయి, దసరా నాటికి నిజాం కూడా వచ్చి కూర్చున్నాడు. నాయనమ్మను మేమంతా అవ్వ అంటాం. అవ్వ ప్రతిసారీ కొత్తగా విని, ప్రతిసారీ అదే చోట కళ్ళు తుడుచుకునేది. ఒక్కసారి పాడి వినిపించమని నేనడిగితే, సందర్భం లేకుండా పాడితే పాటకు గౌరవం ఉండదని బాపు జవాబు.

సందర్భం దసరా వెళ్ళిన కొద్ది రోజులకే వచ్చింది. భూపాలపల్లి నుంచి గని కార్మికులు జీపుల్లో ఊరేగింపుగా వచ్చి, మర్నాడు జనగామ చౌరస్తాలోని దీక్షా టెంటులో కూర్చుంటారని కబురు. వాళ్ళకు డోర్నకల్ పాట కావాలట. అందులో మామ హస్తం ఉంది. బావ పాట గురించి తన షిఫ్టులో అందరికీ ఊదరగొట్టి ఉంచాడు. టెంటువాళ్ళు అడిగితే బాపు ఛాతీ విరుచుకుని ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి, నా పక్కన కూర్చుని, వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఏమే, జర ఒక ముచ్చట. ఆ పాట నాకు యాదికి లేదు."

"ఎంత యాదికి లేదు?"

"ఏం లేదు."

నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు చూశాను ఆయన చేతులు. తొడ మీద తాళం వేస్తున్నాయి, మాటల కోసం వెతుకుతున్నాయి. రేపు ఊరి ముందు, బావమరిది ముందు, వాళ్ళ షిఫ్టు మొత్తం ముందు మైకు పట్టుకుని నిలబడాలి. ఇన్నాళ్ళూ చెప్పిందంతా డబ్బా అనుకుంటారు. అవ్వ కూడా టెంటుకు వస్తానంది.

ఒక్కటే దారి. మహబూబాబాద్‌లో పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఒకతను, పెళ్ళిళ్ళు లేని మూఢాల్లో డోర్నకల్ వచ్చి ఆ రోజంతా వీడియో తీసి, బాపుకు ఒక డిస్కు పంపించాడు. అది దసరాకు ముందే వచ్చింది. పాడింది తనే కదా, మళ్ళీ చూడడమెందుకని బాపు దాన్ని అలమారలో పెట్టాడు. మా డీవీడీ ప్లేయర్ పోయిన ఏడాదే చనిపోయింది. పక్కింట్లో పెట్టుకుని చూద్దామంటే, సొంత పాట మర్చిపోయాడని సాయంత్రంలోగా బజారంతా తెలుస్తుంది.

ఇక మిగిలింది నా లాప్‌టాప్. చిన్నది, డిస్కు పెట్టుకునే నోరు లేనిది. బాబాయి దగ్గర పాడైపోయిన లాప్‌టాప్ నుంచి ఊడదీసిన డ్రైవు ఒకటి ఇంట్లో ఉంది. దాన్ని నా దానికి కలపడానికి మహబూబాబాద్‌లో ఒక అడాప్టర్ కొన్నాను. ఒక చివర డ్రైవుకు తగులుకుంటుంది, ఇంకో చివర రెండు యూఎస్‌బీ పిన్నులు. పండుగ ముందు ఒక సినిమా డిస్కు పెట్టి చూస్తే శుభ్రంగా ఆడింది.

ఇప్పుడు ఆడలేదు. డిస్కు పెట్టగానే డ్రైవు గుర్రుమంది, టకటకమంది, నిట్టూర్చింది, ఊరుకుంది. డిస్కు పెట్టండి అని లాప్‌టాప్ మర్యాదగా అడిగింది. పెట్టామని ఎంత చెప్పినా వినలేదు. పిన్నులు తీసి పక్క సందుల్లో గుచ్చాను. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాను. బాపు డిస్కును తన బనీనుతో తుడిచాడు. సినిమా డిస్కు పెడితే అదీ ఆడలేదు, అంటే తప్పు డిస్కుది కాదు. అంతలో కరెంటు పోయింది. బాపు నోరు తెరిచి, మూసుకుని, విసనకర్ర అందుకున్నాడు. బ్యాటరీ మీద మళ్ళీ మొదలుపెట్టాం.

బాపుకు మొదటి నుంచీ అడాప్టర్ మీదే అనుమానం. రెండు వైపులా అతుక్కుని మధ్యలో ఉండేవాళ్ళను ఆయన నమ్మడు. ఇక్కడొక మాట, ఢిల్లీలో ఒక మాట చెప్పే నాయకులను ఆ ఏడాది చాలామందినే చూశాం మరి. ఇటు లాప్‌టాప్‌తో ఏం చెప్తోందో, అటు డ్రైవుతో ఏం చెప్తోందో కనుక్కోమన్నాడు. దాని మీద లైటు వెలుగుతోంది కదా బాపూ అంటే, లైటు వెలిగించుకుని కూర్చోవడం పని చేయడం కాదన్నాడు. సమ్మెలో ఉన్న మనిషి ఆ మాట అనొచ్చా అని నేను పైకి అడగలేదు.

చీకటి పడే వేళకు మామ దిగాడు. మిగతావాళ్ళ కంటే ఒక పూట ముందే, ఏర్పాట్లు చూడడానికి. మేమిద్దరం డ్రైవు మీద వంగి ఉండడం చూసి ఏం జరుగుతోందన్నాడు. వీడియో క్లారిటీ ఎట్లుందో చూస్తున్నానని బాపు అన్నాడు. మామ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"బావా, పాట గిన మర్చినవా ఏంది?"

"నేనా?"

"మరి కోడలెందుకు నవ్వుతున్నది?"

బాపు నా వైపు చూసిన చూపుకు నేను వెంటనే గంభీరంగా మారి, అడాప్టర్ ఊడదీసి మళ్ళీ తగిలించాను. మామ మాత్రం వదల్లేదు. వాళ్ళ షిఫ్టువాళ్ళు ఆ పాట నేర్చుకుని గని గేటు దగ్గర రోజూ పాడాలనుకుంటున్నారట. గోదావరి చరణం ఒకటి, నిజాం చరణం ఒకటి ఉన్నాయని కూడా చెప్పి ఉంచాడట. బాపు విసనకర్ర ఆగిపోయింది. మేమెంత మిడిగుడ్లు వేసుకుని చూసినా డ్రైవు డిస్కును చూడడం లేదు.

అవ్వ కందిలి దీపం పట్టుకుని వచ్చింది. ఇంతసేపూ మేం కొట్లాడుతున్నది ఎవరితోనో ఆమెకు అర్థం కాలేదు.

"ఏమైందే దానికి?"

"కన్ను కనబడ్త లేదవ్వా" అన్నాను. డిస్కును చదివే చిన్న గాజుబొట్టును చూపించి, ఇది దీని కన్ను, దీంతోనే చూస్తుందని పండుగ ముందు ఆమెకు చెప్పింది నేనే.

"ఎట్ల కనబడదే? దసర నాడు దాని కంటికి నేనే బొట్టు పెడ్తిని గద. నడిమిట్ల, మంచిగ."

నేను ట్రే లాగి కందిలి వెలుగులో పెట్టాను.

అవ్వ లెక్క సరైనదే. దసరాకు పనిముట్లకు పూజ చేసినప్పుడు, ఏ వస్తువుకు ఏది ముఖ్యమో అక్కడ బొట్టు పెట్టాలి. కొడవలికి మొన మీద, స్కూటరుకు దీపం మీద, కుట్టుమిషనుకు సూది దగ్గర. డ్రైవుకు కన్ను ముఖ్యమని చదువుకున్న మనవరాలు చెప్పింది, కంటికి పెట్టింది. మరి మాకెందుకు కనబడలేదంటారా? దసరా తర్వాత మా ఇంట్లో బొట్టు లేని వస్తువు లేదు. ఫ్రిజ్‌కుంది, టీవీకుంది, గ్యాసు సిలిండరుకుంది, అనుమానితుడైన అడాప్టర్‌కు కూడా రెండు వైపులా ఉంది. ట్రే లాగిన ప్రతిసారీ ఆ ఎర్ర చుక్క చూశాను. లేకపోతేనే వింతగా అనిపించేది.

దీపం ఒత్తులకు దాచుకున్న పత్తి అవ్వే తెచ్చిచ్చింది. బొట్టు చెరపడం ఆమెకు నచ్చలేదు. పాట అయిపోగానే మళ్ళీ పెడతానంది. నేను మెల్లగా తుడిచాను. బాపు అడాప్టర్‌ను సర్ది పెట్టాడు, కొంచెం క్షమాపణలాగా.

డ్రైవు గుర్రుమంది. బొమ్మ వచ్చింది.

పెళ్ళిళ్ళ వీడియో అతను పాత అలవాటు మానుకోలేదు. ముందు గులాబీ రేకులు రాలాయి. తర్వాత ఒక హృదయం తెరుచుకుని, అందులోంచి పట్టాల మీద నిలబడ్డ మా బాపు వచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు.

"పట్టా మాదిరో, బండి ఎవలిదిరో
బొగ్గు మాదిరో, పొగ ఎవలిదిరో"

జనం అందుకున్నారు. బాపు మళ్ళీ అదే పాడాడు. జనం మళ్ళీ అందుకున్నారు. గోదావరి కోసం ఎదురుచూశాం. రాలేదు. నిజాం రాలేదు. అవే రెండు వరుసలు తిరిగి తిరిగి వచ్చాయి, ప్రతిసారీ గొంతులు పెరిగాయి, చివర్లో బాపు గొంతు వాటిల్లో కలిసిపోయింది. ఆ మీదట గులాబీ రేకులు మళ్ళీ రాలాయి.

"గింతేనా?" అన్నాడు బాపు. అడిగింది లాప్‌టాప్‌ను.

"బావా," అన్నాడు మామ, నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంటూ, "గిది మర్చిపోయినవా నువ్వు?"

అవ్వ మాత్రం నవ్వలేదు. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. మూడోసారికి ఆమె కూడా పాడుతోంది.

మర్నాడు టెంటులో బాపు ఎత్తుకున్నాడు. పాట నేర్చుకోవడానికి భూపాలపల్లివాళ్ళకు ఎంతసేపూ పట్టలేదు, పాటంతా కలిపి రెండు వరుసలే కదా. రెండో విడతకే జీపు డ్రైవర్లు కూడా అందుకున్నారు. పొగ దగ్గరకొచ్చేసరికి మామ షిఫ్టువాళ్ళు లేచి నిలబడ్డారు. అవ్వ ముందు వరుసలో కూర్చుని, అవసరమైతే కొడుక్కు మాట అందిద్దామని ఆయన నోటికేసి చూస్తూనే ఉంది. అవసరం రాలేదు. సాయంత్రం బాపు గొంతు పోయి ఇంటికొచ్చాడు. ఆ బొంగురు గొంతుతోనే పక్కింటాయనకు చెప్పడం నేను విన్నాను. టెంటులో పాడిన పాటలోకి అప్పుడే కాకతీయులు వచ్చేశారు.

చివరగా, ఇంట్లో ఇలాంటి డ్రైవు ఉన్నవాళ్ళకు ఒక మాట: డ్రైవు లెన్సును పొడి పత్తితోనే తుడవాలి, నీళ్ళు తగలనీయకూడదు. అడాప్టర్‌కు రెండు యూఎస్‌బీ పిన్నులుంటే రెండూ గుచ్చాలి.