హాఫ్ ఇయర్లీ పరీక్షల నాటి ప్రార్థన

మొన్న మా అమ్మాయి ఇంట్లో, నేను వంటగదిలో చిక్కుడుకాయలు తుంచుకుంటూ కూర్చున్నప్పుడు, పక్కగదిలో అది తన కొడుకును పరీక్షలకు చదివిస్తూ, వాడు ఎక్కడ తప్పు పలికినా "కాదు, మళ్ళీ చెప్పు" అంటోంది. కోపమూ లేదు, విసుగూ లేదు, అలాగని వదిలిపెట్టే గొంతూ కాదు. అది ఒకప్పటి నా గొంతే. వినేసరికి పాత సంగతి ఒకటి వచ్చి గుండెల మీద కూర్చుంది.

తొంభైల్లో మేము ఆత్మకూరులో ఉండేవాళ్ళం. మా వారు ఆఫీసు నుంచి వచ్చేసరికి బాగా పొద్దుపోయేది కాబట్టి, కాన్వెంటులో మూడో తరగతి చదివే అమ్మాయినీ ఒకటో తరగతి అబ్బాయినీ చదివించే పని నాదే. పరీక్షలు దగ్గరపడితే సాయంత్రం కాగానే వరండాలో చాప పరిచి, ఒకరికి ఎక్కాలు, ఇంకొకరికి ఒత్తులు ఒప్పజెప్పించుకుంటూ కూర్చునేదాన్ని. మీ ఇళ్ళలోనూ ఇదే తంతు నడిచి ఉంటుంది.

ఆ ఏడు క్వార్టర్లీ పరీక్షల్లో అమ్మాయికి తెలుగులో మార్కులు పోయాయి. సొంత వాక్యాలు రాయమంటే "మా అవ్వ ఇంట్లో గేదె ఉండాది" అని రాసింది. టీచరు 'ఉండాది' చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పంపింది. ఆ సున్నా చూసినప్పుడు నాకు కలిగింది కోపం కాదు, భయం. వరికుంటపాడు దగ్గరి పల్లె నుంచి నెల్లూరు కాలేజీ హాస్టల్లో చేరిన కొత్తల్లో నేను నోరు తెరిస్తే చాలు పక్క మంచాల పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ నవ్వులు భరించలేక నా మాటను నేనే మార్చుకున్నాను. నా బిడ్డకు ఆ అవస్థ రాకూడదనుకున్నాను, అంతే.

డిసెంబరులో హాఫ్ ఇయర్లీ పరీక్షలకు సాయంగా ఉంటుందని మా అమ్మను పిలిపించుకున్నాను. నాయన పోయాక ఆమె ఊళ్ళో ఒంటరిగా ఉండేది. వచ్చిన మర్నాటి నుంచే వంట తన చేతిలోకి తీసుకుని నన్ను పూర్తిగా చాప మీదికి తోలేసింది. వాక్యాలు దిద్దిస్తూ దిద్దిస్తూ ఒకరోజు నేను ఆమెతో, పరీక్షలయ్యేదాకా పిల్లల ముందర కాస్త చూసి మాట్లాడమని అన్నాను. "నేనేం మాట్లాడతా ఉండానమ్మా, కూర తాలింపేసుకుంటా ఉంటే" అని ఆమె తేలిగ్గానే తీసుకుంది.

తెలుగు పరీక్ష ముందు రోజు సాయంత్రం, అన్నాలకు ముందు, ఎప్పటిలాగే అందరం ప్రార్థనకు కూర్చున్నాం. మిషన్ గుడిలో చిన్నప్పటి నుంచీ పెరిగిన మనిషి మా అమ్మ. ప్రార్థన ఆమె ఎక్కడా నేర్చుకున్నట్టు ఉండేది కాదు, పక్కింటి పెద్దమనిషితో కష్టసుఖాలు చెప్పుకున్నట్టు ఉండేది. ఆరోజు కూడా కొంగు తలమీదికి లాక్కుని మొదలుపెట్టింది.

"నాయనా ప్రభువా, ఈ పొద్దు కూడా మాకు కూడు పెట్టినావు. బిడ్డలు రేపు పరీచ్చ రాస్తా ఉండారు. నువ్వు మాతోనే ఉండావు..."

"ఉండావు కాదవ్వా, ఉన్నావు. పెట్టినావు కాదు, పెట్టావు" అంది మా అమ్మాయి, కళ్ళు తెరిచి.

చిన్నవాడు కిసుక్కున నవ్వాడు. నేను వాణ్ణి కసరలేదు, దాన్నీ మందలించలేదు. ఇప్పుడు మందలిస్తే ఏది ఒప్పో తెలియక రేపు పరీక్షలో తడబడుతుందని లెక్క వేసుకున్నాను. అంతకన్నా చెప్పుకోవడానికి సిగ్గయ్యేది ఇంకొకటి ఉంది. నేను నేర్పింది పిల్లకు వంటబట్టిందని నాకు సంతోషం వేసి, పెదవుల మీదికి నవ్వు వచ్చేసింది. దాచుకుందామని తల తిప్పేలోపే అమ్మ నా మొహం చూసింది.

ఆమె నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు. "నాకు సరిగ్గా రాదులే పాపా. చదువుకుంటా ఉండావు గదా, నువ్వు చెయ్ ప్రార్థన" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. పిల్ల బడిలో నేర్పిన ప్రార్థన గడగడా అప్పజెప్పింది. ఆమెన్ మాత్రం అందరికన్నా గట్టిగా అమ్మే అంది.

ఆ పరీక్షలో అమ్మాయికి మంచి మార్కులే వచ్చాయి. ఎన్ని వచ్చాయో ఇప్పుడు నాకూ గుర్తులేదు, దానికీ గుర్తులేదు. అమ్మ మాత్రం ఆ తరువాత ఎన్నిసార్లు వచ్చినా మా ఇంట్లో పైకి ప్రార్థన చేయలేదు. పెదవులు కదిలేవి, మాట వినపడేది కాదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, ఈరోజు నువ్వు చెయ్యమ్మా అని అడిగాను.

"ఈడ నాకు నోరు తిరగదులేమ్మా" అంది. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని.

కొన్నేళ్ళకు ఒక వేసవిలో ముందుగా కబురు చేయకుండా ఊరికి వెళ్ళాను. ఉదయగిరిలో బస్సు మారి, ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అమ్మ ప్రార్థన చేస్తోంది. నా పేరు, పిల్లల పేర్లు, మా వారి మోకాళ్ళ నొప్పి, ఎండిపోయిన బావి, ఈనబోయే గేదె, అన్నీ ఒకదాని వెంట ఒకటి ప్రభువుకు చెప్పుకుంటోంది. "నా బిడ్డ ఆడ ఒక్కటే అల్లాడతా ఉండాది, నువ్వు చూసుకోవాల" అన్నది విని గుమ్మంలోనే నిలబడిపోయాను. చెప్పులు విడుస్తుంటే చప్పుడైంది. గొంతు టక్కున ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసి, ఎంత సంతోషపడిందో చెప్పలేను. కాళ్ళకు నీళ్ళిచ్చింది, అన్నం పెట్టింది. సగంలో ఆగిన ప్రార్థనను మాత్రం నా ముందర ముగించలేదు. నేనూ అడగలేకపోయాను. ఆ మరుసటి ఏడే ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పిల్లలు మా కాలంకన్నా చక్కగా మాట్లాడుతున్నారు, ఎవరూ ఎవరినీ చూసి నవ్వే పని లేదు. సంతోషించాల్సిందే. కానీ పోయిన నెల ఊరికి వెళ్తే, నాతో పాటు చింతకాయలు రాల్చుకుని తిన్న మా చిన్నాన్న కూతురు కుర్చీ తెచ్చి వేసి, "కూర్చోండక్కా, ఎండన పడి వచ్చినారు" అంది. చిన్నప్పుడు నన్ను ఏమే అని పిలిచిన మనిషి. నన్ను 'మీరు' అనవద్దే అని చెప్పబోయాను గానీ, ఆ మాట అయినా ఏ భాషలో చెప్పాలో తెలియక, కూర్చున్నాను.