యుద్ధమా, పోలీసు చర్యా?

నిజాం మీదికి దండెత్తిన భారత సైన్యం సికింద్రాబాదులోకి వచ్చిన కొద్దిరోజులకే ఒక మిలిటరీ లారీ మా సందులో వెనక్కి తిరగబోయి, మేం అద్దెకుంటున్న ఇంటి వరండాను కూల్చేసింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రైవరు దిగి, నాన్నకు దణ్ణం పెట్టి, లారీ తోలుకుని వెళ్లిపోయాడు.

నాన్న బందరు నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో మిషన్ బడి మాస్టారుగా స్థిరపడ్డాడు. ఇంటాయన వీధి చివర అత్తర్లు, సబ్బులు అమ్మే ముసలి సాయిబు. జపాను బాంబుల భయం ఉన్న రోజుల్లో ఇల్లు తీసుకుంటూ నాన్న ఒక షరతు రాయించాడు: యుద్ధం వల్ల ఇల్లు దెబ్బతింటే ఇంటాయన బాగుచేయించాలి, మరే కారణంతో పాడైనా మేమే. ఆ ఇద్దరికీ వాదించుకోవడమంటే మహా ఇష్టం. పెంకుల మీదో, బావి గిలక మీదో ఆదివారమంతా సాగేది.

ఈసారి మాత్రం నాన్న నోరు మెదపలేదు. నిజాం లొంగిపోయినప్పటి నుంచి సాయిబు భయంతో దుకాణమే తెరవడం లేదు. "ఇలాంటప్పుడు ఆయన దగ్గర షరతులు మాట్లాడటం న్యాయం కాదు," అన్నాడు అమ్మతో.

చివరికి సాయిబే వచ్చాడు. "ఏంది మాస్టర్ సాబ్, షరతు యాది మరిచిన్రా?"

"పోనివ్వండి సాయిబు గారూ, మేమే కట్టించుకుంటాం."

"నన్ను జూసి జాలి పడుతున్రా? లడాయి చేయున్రి. ఎప్పటి లెక్కనే చేయున్రి."

నాన్న ముఖం ఎర్రబడింది. గొంతు సవరించుకున్నాడు. "సరే. ట్యాంకులొచ్చాయి, విమానాలొచ్చాయి. ఇది యుద్ధం కాక మరేమిటండీ?"

"జంగ్ ఎట్లయితది? సర్కారే పోలీస్ యాక్షన్ అంటున్నది! పోలీసోళ్లు కూలగొడ్తే నాకేం సంబంధం?"

గొంతులు పెరిగాయి. లోపల టీ కాస్తున్న అమ్మ నవ్వుకుంది. ఆఖరికి ఎదురింటి వకీలును పిలిచారు. సర్కారు యుద్ధమని అనలేదు కాబట్టి సాయిబు మాటే నిలుస్తుందని ఆయన తేల్చాడు. ఆ సాయంత్రం సాయిబు తలెత్తుకుని వీధిలో నడిచి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీని, బండెడు ఇటుకలను వెంటబెట్టుకుని దిగాడు. అమ్మ ఆశ్చర్యపోయింది. "అదేమిటండీ, గెలిచింది మీరే కదా?"

"గెల్చిన గదా బిడ్డా! ఓడితే షరతుకు కట్టించినట్టయితుండె. ఇప్పుడు నా ఇష్టంతోని కట్టిస్తున్న. జెర మేస్త్రీకి సుత చాయ్ పోయి."

నాన్న చొక్కా విప్పి, పంచె ఎగగట్టి, ఇటుకలు అందించడానికి నిలబడ్డాడు. వరండా మునుపటికంటే వెడల్పుగా వచ్చింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను అక్కడే చాప వేసుకుని చదువుకున్నాను.